మైకేల్ ఫారడే – మన ఉక్కు

మైకేల్ ఫారడే పేరు వినని విద్యార్థి మన పాఠశాలలయందు అరుదు. తీగచుట్టయొద్ద అయస్కాంతమును కదల్చినచో ఆ తీగయందు విద్యుత్ప్రవాహము పుట్టునని 1831 వ సంవత్సరమున కనుగొనినవాడు ఆయనయే. విజయవాడకు ఎగువను కృష్ణయొడ్డున ఇబ్రహీంపట్నమునందు 1979 లో పని నారంభించిన ఉష్ణవిద్యుత్కేంద్రములోని జనకయంత్రములు ఆ సూత్రము ననుసరించియే తిరుగునట్టివి. ఈ సంగతి పాఠ్యపుస్తకములలో విపులముగా నున్నది గనుక మేము దానిని తిరిగి వ్రాయబూనలేదు. ఆ మహనీయుని జీవితమున అంతగా ప్రసిద్ధి కెక్కని భాగ మొకటి కలదు. యౌవనమున సుమారు ఆరేండ్లకాలము ఆయన మన దక్షిణదేశపు ఉక్కును ముందుంచుకొని, అది యేల అంత గట్టిగా నున్నది, యేల కొన్నివేళల గాజువలె పగిలిపోవుచున్నది అను ప్రశ్నతో పెనగులాడెను. ఆ పెనగులాటలో ఆయన పూర్తిగా గెలువలేదు. అయినను ఆ కథ కృష్ణాతీరవాసులమైన మనకు తెలిసియుండదగినదని తలచి, ఆయన జీవితమును ఆ దారిని చెప్పబూనితిమి.

ఫారడే 1791 వ సంవత్సరము సెప్టెంబరు 22 వ తేదీన లండను నగరపు పొలిమేరలో నున్న న్యూయింగ్టను బట్సు అను చోట జన్మించెను. తండ్రి జేమ్సు కమ్మరి. సమ్మెట పట్టి బ్రదుకవలసిన ఆ తండ్రికి దేహారోగ్యము చాలినంత లేకుండెను. 1801 లో ధాన్యపు ధరలు మిక్కుటముగా పెరిగినప్పుడు తొమ్మిదేండ్ల మైకేలునకు వారమున కొక్క రొట్టె చొప్పున ఇచ్చి, దానినే ఏడు దినములు సరిపెట్టుకొమ్మనిరట. చదువుట, వ్రాయుట, కొలది లెక్కలు. ఇంతకుమించిన బడిచదువు ఆయన కబ్బలేదు. కాని కొలిమి యెట్లుండునో, ఇనుము ఏ వేడిలో లొంగునో, ఏ వేడిలో చెడునో ఆ పిల్లవాడు పుట్టినది మొదలు చూచుచునేయుండెను. అన్న రాబర్టు కూడ తండ్రివృత్తినే చేపట్టెను.

పదుమూడవ యేట మైకేలు జార్జి రీబో అను పుస్తకవిక్రేతయొద్ద పనిపిల్లవాడుగా చేరి, మరుసటి సంవత్సరము, అనగా 1805 లో, పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చుకొనుటకు ఏడేండ్ల ఒప్పందముపై శిష్యుడయ్యెను. అట్టలు కట్టుటకు వచ్చిన పుస్తకములను ఆయన ఊరక కుట్టి విడువక చదువజొచ్చెను. జేన్ మార్సెట్ అను విదుషి వ్రాసిన రసాయనశాస్త్ర సంభాషణములును, విజ్ఞానసర్వస్వమందలి విద్యుత్తును గూర్చిన వ్యాసమును ఆ చిన్నవాని మనస్సును పట్టుకొనెను. చదివిన ప్రయోగములలో తనకు అందుబాటైనవాటిని చిల్లరడబ్బులతో సామగ్రి కొని స్వయముగా చేసి చూచెడివాడు. 1810 లో టాటమ్ అను నతని యింట జరుగుచున్న శాస్త్రోపన్యాసములకు పోవుటకు రుసుము నిచ్చినవాడు కమ్మరి అన్న రాబర్టే. తండ్రి ఆ సంవత్సరముననే మరణించెను.

1812 లో అంగడికి వచ్చు నొక పెద్దమనుష్యుడు దయతో నిచ్చిన చీటీతో ఫారడే రాయల్ ఇన్‌స్టిట్యూషనునందు సర్ హంఫ్రీ డేవీ యుపన్యాసములను వినెను. విన్నదెల్ల ఇంటికి వచ్చి శుభ్రముగా వ్రాసికొని, బొమ్మలు గీసి, తానే అట్ట కట్టి, ఆ సంవత్సరాంతమున డేవీకి పంపి పని యిమ్మని వేడుకొనెను. 1813 మార్చి 1 వ తేదీన ప్రయోగశాల సహాయకుడుగా నియమింపబడెను. జీతము వారమునకు 25 షిల్లింగులు. మిద్దెపై రెండు గదులు. ఆ నెలవును ఆయన సుమారు 45 ఏండ్లు విడువలేదు. ఆ సంవత్సరముననే డేవీ వెంట ఫ్రాన్సు, ఇటలీ దేశములకు పోయి, 1815 లో తిరిగివచ్చి పనిలో కుదురుకొనెను.

ఇచ్చట మనము లండనును విడిచి కొంతసేపు మన దేశమునకు రావలెను.

నేటి నిజామాబాదు జిల్లాలో కోనసముద్రమను గ్రామము కలదు. పూర్వకాలమున అచ్చటి కమ్మరులు చేసిన ఉక్కు దేశాంతరములకు పోయెడిది. హైదరాబాదు రాజ్యమున కొలతశాఖతో పనిచేసిన హెన్రీ వాయ్‌సీ అను వైద్యుడు ఆ పనిని కన్నులార చూచి వివరముగా వ్రాసిపెట్టెను. ఆయన 1824 లో మరణింపగా, ఆ వ్రాత 1832 లో కలకత్తాలో ప్రకటితమయ్యెను. రెండువిధముల ఇనుమును కలిపి, మన్నుతో చేసిన మూసలలో నుంచి, నోరు మూసి, బొగ్గుల కొలిమిలో దినమంతయు తిత్తులూది కరగించెడివారు. చల్లారిన పిమ్మట మూసను పగులగొట్టగా అరచేతిలో నిముడు ఉక్కుబిళ్ళ వచ్చెడిది. ఆ బిళ్ళ అప్పుడే సమ్మెటకు లొంగదు. మిక్కిలి పెళుసుగా నుండును. కావున దానికి మట్టి పూసి, మితమైన వేడిలో చాలసేపుంచి, చల్లార్చి, మరల వేడిచేసి, ఇట్లు పలుమారులు కాచినమీదట మెత్తబడెడిది. దానిని కొనుటకు పారసీకదేశపు వర్తకులు అంతదూరము వచ్చెడివారు. పశ్చిమదేశములలో దమాస్కసు కత్తులని పేరుమోసిన ఖడ్గములకు ఇట్టి దక్షిణదేశపు ఉక్కే మూలద్రవ్యము.

ఈ కథలో మన కృష్ణాడెల్టాకును పాలు కలదు. పదునేడవ శతాబ్దమున గోల్కొండ రాజ్యమునకు ప్రధానమైన రేవు మచిలీపట్నము. అచ్చట ఇంగ్లీషువారు 1611 లో వర్తకశాల పెట్టిరి. డచ్చివారు అంతకు మున్నే వచ్చియుండిరి. బందరు అద్దకపు బట్టలతోపాటు లోనాటి ఇనుమును ఉక్కును ఆ తీరమున ఓడల కెక్కించెడివారు. నేడు బందరు కోటవద్ద ఇసుకలో నిలిచి సముద్రమును చూచువారికి ఈ మాట నమ్మశక్యము గాకుండవచ్చును. కాని కొలిమిలోనుండి దిగిన ఆ చిన్నబిళ్ళలు పారసీకపు రేవులను చేరుటకు పోయిన బాటలలో అదియు నొకటి.

ఉక్కు అను మన దక్షిణదేశపు మాటయే ఇంగ్లీషువారి నోట వూట్జ్ అని మారినదని పండితులు చెప్పుదురు. 1794 లో బొంబాయినుండి హెలెనస్ స్కాట్ అను వైద్యుడు ఆ ఉక్కుబిళ్ళలను లండనులోని రాయల్ సొసైటీ అధ్యక్షునికి పంపెను. అక్కడి కత్తులవారు దానిని కొలిమిలో పెట్టి భంగపడిరి. తమ ఇనుమునకు అలవాటుపడిన తెల్లని వేడిలో దానిని కాచి సమ్మెటతో కొట్టగా అది మట్టిబెడ్డవలె చిట్లిపోయెను. ఎఱ్ఱని మితమైన వేడిలో ఓపికతో మెల్లగా సాగగొట్టినవారికి మాత్రమే లొంగెను. అట్లు లొంగిన పిమ్మట దాని వాదర సాటిలేనిదయ్యెను. జేమ్సు స్టోడార్టు అను ప్రసిద్ధుడగు కత్తులపనివాడు శస్త్రవైద్యుల పనిముట్లకు దీనినే మేలైనదిగా నెంచెను. ఈ స్టోడార్టే ఫారడేను ఉక్కు పరిశోధనకు దింపినవాడు.

1818 ప్రాంతమున వీరిరువురు కలసి పని నారంభించిరి. ఒకరు జీవితమంతయు ఉక్కుతో పనిచేసినవారు. మరియొకరు కమ్మరి బిడ్డ, ఇరువదియేడేండ్ల రసాయనజ్ఞుడు. రాయల్ ఇన్‌స్టిట్యూషను నేలమాళిగలో గాలిపోతతో మండు కొలిమిని నిర్మించి, మన కమ్మరులవలెనే మూసలలో ఉక్కును కరగించిరి. ఫారడే మొదట మన ఉక్కును రసాయనముగా విడగొట్టి చూచి, దానియందు అల్యూమినియమునకు సంబంధించిన ద్రవ్యము స్వల్పముగా కనబడినదని 1819 లో ప్రకటించెను. అంతట ఆ ద్రవ్యమే ఈ ఉక్కు గొప్పతనమునకు కారణమని ఆయనకు తోచెను. ఇంగ్లీషు ఉక్కునందు దానిని చేర్చి కరగించి, వచ్చిన ముద్దను సాగగొట్టి ఆమ్లముతో తుడువగా, మన ఉక్కుపై కనబడు నీటి అలలవంటి గీతలు దానిపైనను కనబడెను. రహస్యము దొరకినదని వారు సంతోషించిరి.

ఆ సంతోషము నిలువదగినది కాదు. తరువాతివారు పరీక్షింపగా మన ఉక్కులో అల్యూమినియము చెప్పుకొనదగినంత లేదని తేలెను. ఫారడే ప్రకటనలచేత ఉత్సాహము పొంది పారిస్ నగరమున బ్రెయాన్ అను టంకశాలాధికారి మూడువందల వఱకు ప్రయోగములు చేసి, గీతలకు మూలము కర్బనమేయని 1820 దశకపు తొలినాళ్ళలో నిర్ధారించెను. మన ఉక్కులో నూటికి ఒకటిన్నర పాళ్ళు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు కర్బనముండును. మామూలు కత్తి ఉక్కులో నుండుదానికంటె ఇది హెచ్చు. అనగా ఫారడే సరియైన ప్రశ్నను పట్టుకొనెను గాని జవాబును తప్పుచోట వెదకెను. ఉక్కులో ఏమున్నదో ఆయన తూచి చూచెను. ఉన్నది ఎట్లు అమరియున్నదో చూచుటకు కావలసిన పద్ధతి ఆనాటికి ఇంకను పుట్టలేదు.

ఆ అమరిక యేమో చదువరులకు కొంత వివరింపవలెను. కరిగిన లోహము గడ్డకట్టునప్పుడు ఒక్కసారిగా ఒక్క ముద్ద కాదు. అందందు సూక్ష్మములైన స్ఫటికబీజములు పుట్టి, నలుదిక్కుల పెరిగి, ప్రక్కనున్నవాటిని తాకి ఆగును. ఇట్లేర్పడిన ఒక్కొక్క తునుకను రేణువందురు. మెల్లగా చల్లార్చినచో రేణువులు పెద్దవగును. త్వరగా చల్లార్చినచో, లేక మితమైన వేడిలో బాగుగా కొట్టినచో చిన్నవగును. మన డెల్టాలోని వరిచేలను తలచుకొనుడు. చేను లోహము, మడి రేణువు, గట్టు రేణువుల నడిమి సరిహద్దు అనుకొందము. పెద్ద మడిలో నీరు ఒకచోట దారి చేసికొన్నచో చాలదూరము అడ్డులేక పోవును. మళ్ళు చిన్నవై గట్లు దగ్గరదగ్గరగా నున్నచో ప్రతి గట్టునొద్ద ఆగి, వంగి, బలము కోలుపోవును. లోహములో పగులు కూడ ఇట్లే. రేణువులు సన్ననివైనకొలది పగులు సాగుట కష్టము. లోహము బలముగాను, పెళుసుదనము తక్కువగాను ఉండును. రేణువు వెడల్పు నాలుగవ వంతునకు తగ్గినచో రేణువులవలన కలుగు బలము రెండింతలగునని 1951 లో హాల్, 1953 లో పెచ్ అను శాస్త్రజ్ఞులు తేల్చిరి.

అయితే గట్టే చెడ్డదైనచో? మన ఉక్కుబిళ్ళ మూసలో మెల్లగా చల్లారుటచేత రేణువులు పెద్దవగును. దానియందలి హెచ్చు కర్బనము ఇనుముతో కలసి, గాజువలె గట్టిదై పెళుసైన సంయోగమై, ఆ పెద్దరేణువుల సరిహద్దుల వెంట వలవలె పరచుకొనును. గట్లన్నియు గాజుతో కట్టినట్లగును. ఒకచోట పగిలెనా, పగులు ఆ వల వెంబడియే పరుగెత్తును. తెల్లని వేడిలో కాచినచో సరిహద్దులు కరుగనారంభించి సమ్మెటదెబ్బకు అంతయు విడిపోవును. ఎఱ్ఱని మితమైన వేడిలో పలుమారులు కాచి కొట్టినచో ఆ గాజువల తునుకలై, తునుకలు గుండ్రనై, నువ్వులు చల్లినట్లు ఉక్కంతట చెదరును. రేణువులును సన్ననగును. అప్పుడు ఆ కఠినద్రవ్యమే వాదరకు పదును నిచ్చును. చుట్టునున్న ఉక్కు విరుగకుండ కాచును. మన కమ్మరి చేతికి తెలిసిన రహస్యమిదియే. 1970 దశకము మొదలుకొని అమెరికాలో షెర్బీ, వాడ్స్‌వర్తు అను శాస్త్రజ్ఞులు ఇట్టి హెచ్చు కర్బనపు ఉక్కునే సన్నని రేణువులు వచ్చునట్లు సాగగొట్టి పరీక్షింపగా, అది తగిన వేడిలో మైనమువలె ఎన్నోరెట్లు సాగెను.

ఈ సంగతిని మేము కొంతవఱకు స్వయముగా చూచితిమి. అరిగిపోయిన ఆకురాయి నొకదానిని రెండు తునుకలుగా కోయించి, మా పేటలోని కమ్మరియొద్దకు కొనిపోతిమి. ఒకదానిని మందమైన ఎఱ్ఱని వేడివఱకు మాత్రమే కాచి నీట ముంచుమంటిమి. రెండవదానిని తెల్లగా మెరయువఱకు కాచి, చాలసేపు నిప్పులోనే యుంచి, ఆపై ముంచుమంటిమి. తరువాత రెంటిని పట్టకారున బిగించి, గుడ్డ కప్పి విరుగగొట్టించితిమి. మొదటిది బలమైన దెబ్బలకు గాని విరుగలేదు. విరిగినచోట బూడిదవన్నెతో పట్టువలె నునుపుగా నుండెను. రెండవది చిన్నదెబ్బకే విరిగెను. విరిగినచోట పంచదార పలుకులవలె రేణువులు కంటికి కనబడి మిలమిల మెరసెను. రెండును ఒక్క ఆకురాయి తునుకలే. ద్రవ్యము మారలేదు, రేణువు మారినది. ఆ కమ్మరికి ఇందులో వింతయేమియు కనబడలేదు. ఇనుమును కాల్చిచంపినారని మాత్రము నొచ్చుకొనెను.

మరల ఫారడే కథకు వత్తము. తొలి ప్రయత్నము తరువాత ఆయనయు స్టోడార్టును ఉక్కునందు వెండి, ప్లాటినము, రోడియము, ఇరిడియము, నికెలు, క్రోమియము మొదలగు లోహములను వేర్వేరు పాళ్ళలో చేర్చి పరీక్షించిరి. వెండి అయిదువందల పాళ్ళ కొక్క పాలు మించినచో ఉక్కుతో కలియక తంతువులుగా బయటపడునని కనుగొనిరి. రోడియము చేర్చిన ఉక్కుతో మంగలికత్తులు చేయించి ఫారడే మిత్రులకు కానుకగా పంచెను. షెఫీల్డు నగరపు కర్మాగారమున కొన్ని మిశ్రమములను పెద్దయెత్తున చేయించి చూచిరి. 1820, 1822 సంవత్సరములలో ఫలితములు ప్రకటితమయ్యెను. క్రోమియము చేర్చిన తునుకలు నూటికి మూడు పాళ్ళతోనే నిలిచినవి. అంతకు చాల హెచ్చుగా, నూటికి పండ్రెండు పాళ్ళకు మించి చేర్చినప్పుడు తుప్పుపట్టని ఉక్కగునని 1913 లో షెఫీల్డులోనే బ్రియర్లీ చూపెను. ఫారడే ఆ వాకిలివఱకు పోయి తట్టకయే మరలెను.

1823 లో స్టోడార్టు మరణించెను. ఖరీదైన లోహములు చేర్చిన ఉక్కుతో వర్తకులకు లాభము కనబడలేదు. మరుసటి సంవత్సరమునకు ఫారడే ఈ పనిని విడిచెను. ఆరేండ్ల శ్రమకు మిగిలినది కొన్ని వ్యాసములును, ఒక కొయ్యపెట్టెలో దాచిన చిన్నచిన్న ఉక్కుతునుకలును మాత్రమే. ఆయన స్వయముగా ఈ పరిశోధనను గొప్పవిజయముగా ఎన్నడును చెప్పుకొనలేదు. కాని ఏ తునుకను పారవేయలేదు.

ఇంతలో ఆయన జీవితము వేరుదారిని పట్టెను. 1821 జూనులో సారా బర్నార్డును వివాహమాడెను. ఆ సెప్టెంబరుననే విద్యుత్ప్రవాహముగల తీగ అయస్కాంతము చుట్టును తిరుగునట్లు చేసి చూపెను. 1824 లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1825 లో బెంజీను అను ద్రవమును వేరుచేసెను. 1831 ఆగస్టు 29 వ తేదీన విద్యుత్ప్రేరణమును కనుగొనెను. తరువాత విద్యుత్తుచే ద్రావణములు విడిపోవు నియమములను, 1845 లో అయస్కాంతము వెలుతురుపై చూపు ప్రభావమును వెల్లడించెను. 1857 లో బంగారమును మిక్కిలి సూక్ష్మములైన రేణువులుగా నీటియందు చెదరగొట్టి, అప్పుడది పసుపువన్నె విడిచి కెంపువన్నె తాల్చుటను చూపెను. ద్రవ్య మొక్కటియే యయ్యును రేణువు పరిమాణమునుబట్టి గుణము మారునని ఉక్కునందు చూడలేకపోయిన సంగతిని, ముదిమి పైబడుచుండగా బంగారమునందు ఆయన చూచెనని మాకు తోచుచున్నది.

పిల్లలకై ప్రతి క్రిస్మసు కాలమునను రాయల్ ఇన్‌స్టిట్యూషనునందు జరుగు ఉపన్యాసములను ఆయన 19 మారులు తానే యిచ్చెను. కొవ్వొత్తి నొకదానిని వెలిగించి దానినుండి రసాయనశాస్త్రమంతయు బోధించినది ఆ వేదికమీదనే. తన చిన్న క్రైస్తవసంఘమున పెద్దగా పనిచేసి, ధనమును బిరుదులను కోరక జీవించెను. సర్ బిరుదమును నిరాకరించెను. రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని వలదనెను. 1858 లో విక్టోరియా రాణి హ్యాంప్టను కోర్టువద్ద ఇచ్చిన యింట చివరి దినములు గడపి, 1867 ఆగస్టు 25 వ తేదీన శాంతముగా మరణించెను.

ఆయన మరణించిన అరువదినాలుగేండ్లకు ఆ కొయ్యపెట్టె మాట మరల వినవచ్చెను. సర్ రాబర్టు హాడ్‌ఫీల్డు అను షెఫీల్డు లోహశాస్త్రజ్ఞుడు అందులోని 79 తునుకలను పరీక్షించి 1931 లో గ్రంథము ప్రకటించెను. అరుదైన తునుకలు పాడుకాకుండ కొలదిపాటి ముక్కలతోనే పరీక్షలు జరిపి, ఫారడే వ్రాసినవాటితో సరిచూచెను. ఉక్కున ఇతర లోహములను చేర్చి గుణములను మార్చు శాస్త్రమునకు ఫారడే ఆద్యులలో నొకడని అందరును ఒప్పుకొనిరి. ఇది సాధ్యమగుటకు కారణమేమి? తునుకలు దాచియుంచుట, దినచర్య వ్రాసియుంచుట. తన ప్రయోగములను ఆయన వరుస అంకెలువేసి వ్రాసికొనిన పుస్తకములలో అంకెలు పదునారువేలు దాటినవి. అందు సఫలమైనవియు విఫలమైనవియు సమముగా చోటు పొందినవి.

ఇక నేటి మాట. ఫారడే మరణించుటకు కొలదియేండ్లు ముందు, 1863, 1864 సంవత్సరములలో, హెన్రీ సార్బీ ఉక్కును నునుపుచేసి, ఆమ్లముతో తాకించి, సూక్ష్మదర్శినితో చూచి రేణువుల లోకమును తెరచెను. నాటినుండి లోహశాస్త్రజ్ఞుని కోరిక యొక్కటే: మహావేడికి తాళవలెను, పెళుసుగా ఉండరాదు. కొండపల్లిలో 2000 వ సంవత్సరమున వాయువుతో నడచు టర్బైనుల విద్యుత్కేంద్రము పని నారంభించెను. అట్టి టర్బైనులలో వేయి డిగ్రీలకు మించిన మంట తగులు రెక్కలను నికెలు మిశ్రలోహముతో చేయుదురు. దానికి బలము నిచ్చునది మూడు పాళ్ళ నికెలు పరమాణువులకు ఒక పాలు అల్యూమినియము పరమాణువులు కలసిన సంయోగము. మామూలు లోహములు వేడికి మెత్తబడగా, ఇది సుమారు ఏడువందల డిగ్రీలవఱకు వేడితోపాటు బలపడును. కాని దానినే ఒంటరిగా పోతపోసినచో రేణువుల సరిహద్దులయొద్ద పుటుక్కున పగులును. 1979 లో జపానువారు అందు అత్యల్పముగా బోరాను చేర్చగా సరిహద్దులు గట్టిపడి ఆ పెళుసుదనము తగ్గెను. అది గట్లను మంచిమట్టితో మెత్తుట వంటిది. టైటానియము అల్యూమినియముల సంయోగమును పోతపోయునప్పుడు అదే బోరాను వేరొక పని చేయును: గడ్డకట్టువేళ బీజములను పెంచి రేణువులను సన్నము చేయును. అది మళ్ళను చిన్నవి చేయుట వంటిది. ఫారడే మన ఉక్కులో పొరబాటున వెదకిన అల్యూమినియము, ఒక శతాబ్దమునకుపైగా గడచిన పిమ్మట, వేడిలోహములకు నిజముగనే ప్రాణమయ్యెను.

సన్నని రేణువు అన్నిట మేలని మాత్రము ఎంచరాదు. మహావేడిలో చిరకాలము బరువు మోయవలసినప్పుడు గట్లే జారనారంభించి లోహము మెల్లమెల్లగా సాగిపోవును. కావున మిక్కిలి వేడి తగులు కొన్ని రెక్కలను గట్టే లేనట్లు ఒక్క స్ఫటికముగా పెంచుదురు. ఏ వేడికి ఏ మడి తగునో ఎరుగుటయే విద్య. మన కమ్మరికి ఎఱ్ఱని వేడికిని తెల్లని వేడికిని భేదము తెలిసియుండుటయు అట్టి విద్యయే.

ఈ విద్య తెలుగునేలకు తిరిగివచ్చినది. హైదరాబాదులో 1963 నుండి రక్షణ లోహపరిశోధనాలయమును, 1973 నుండి మిశ్రధాతు నిగమమును వేడికి తాళు లోహములపై పనిచేయుచున్నవి. టైటానియము, అల్యూమినియము, నియోబియము కలసిన ఒక క్రొత్త సంయోగమును ఆ పరిశోధనాలయమువారు 1988 లో లోకమునకు వెల్లడించిరి. మన కృష్ణాజిల్లా కవుతవరమున 1942 లో రైతుకుటుంబమున జన్మించిన పి. రామచంద్రరావుగారు, కరిగిన లోహమును రెప్పపాటులో చల్లార్చినచో ఏర్పడు సూక్ష్మమైన అమరికలను కాశీ విశ్వవిద్యాలయమున పరిశోధించి, జంషెడ్‌పురములోని జాతీయ లోహపరిశోధనశాలకు పదేండ్లు అధిపతియై, 2010 లో కీర్తిశేషులైరి.

కమ్మరి బిడ్డడు తప్పు జవాబు వ్రాసియుంచినందున అది సరిదిద్దబడినది. సరియైన జవాబు చేతులలో నున్న మన కమ్మరులు దానిని వ్రాయలేదు. వ్రాయుమని వారి నడిగినవారును లేరు. కొలిమిలు చల్లారిన పిమ్మట ఆ విద్యను మరల కనుగొనుటకు ఇతరదేశములవారికి నూటయేబది యేండ్లు పట్టెను. కోనసముద్రపు కమ్మరులలో ఒక్కని పేరైనను మనము చదువుకొను పుస్తకములలో లేదు. విద్యార్థి సోదరులారా, మీ ప్రయోగము తప్పినప్పుడు ఆ పుటను చింపివేయకుడు. మీ తండ్రితాతల చేతిలో నున్న పనిని చూచి, అడిగి, వ్రాసికొనుడు. ఆ కమ్మరి మాకు ఆకురాయి తునుకలను తిరిగి యిచ్చినాడు. వాటిని చీటీలు కట్టి మా విజ్ఞానశాల అలమారలో నుంచితిమి. వానియడుగున ఆ పని చేసిన చేతులవాని పేరు వ్రాసితిమి.